రెండు వేల ఐదు వందల ఇరవై ఒకటో దీపం

లెక్కల టీచర్లకి ఒక జబ్బుంటుంది. ఎక్కడ పదిమంది కనపడినా వాళ్ళని మనసులోనే వరసల్లో నిలబెట్టేస్తారు. కావేరికి ఆ జబ్బు బాగా ముదిరిపోయింది. పెళ్ళికెళితే పెళ్ళికొడుకుని చూడదు, కుర్చీలు ఎన్ని వరసలు వేశారో, చివరి వరస నిండిందో లేదో చూస్తుంది. నిండకపోతే ఆ పెళ్ళి భోజనం ఆమెకి సహించదు.

వాళ్ళుండేది శంషాబాద్ నుంచి మంఖాల్ వైపు పోయే దారిలో, కొత్తగా లేచిన ఒక కాలనీలో. చుట్టూ గోడ, మధ్యలో పెద్ద పచ్చిక, పచ్చిక చుట్టూ నడిచే బాట. విమానాలు చక్రాలు దించుకుని నెత్తిమీద నుంచే పోతుంటాయి. కొత్తగా దిగినవాళ్ళు తలెత్తి చూస్తారు. పాతబడినవాళ్ళు మాట మధ్యలో ఆపి, మోత పోయాక ఆపిన చోటినుంచే అందుకుంటారు.

కార్తీకమాసంలో దీపోత్సవం చేద్దామన్నది అసోసియేషన్ సెక్రటరీ సత్తిబాబు ఆలోచన. కోనసీమ మనిషి. ఏ పనైనా ఘనంగా, నలుగురూ చూసేలా జరగాలి ఆయనకి. "పది రోజులు చేద్దామండి. ఓ వెయ్యి దీపాలు పెట్టామంటే పైన విమానంలో వాళ్ళక్కూడా కనపడతాయండి, ఆయ్," అన్నాడు మీటింగులో.

కావేరి లేచి నిలబడింది. "వెయ్యి వద్దండీ. రెండు వేల ఐదు వందల ఇరవై పెడదాం."

ఎందుకో కూడా చెప్పింది. మొదటి సాయంత్రం బాట చుట్టూ ఒకే వరస. రెండో రోజు పచ్చికలో రెండు వరసలు, మూడో రోజు మూడు, అలా పదో రోజుకి పది వరసలు. ఏ రోజుకారోజు అన్ని వరసలూ సమానంగా రావాలి, ఒక్క దీపం ఎక్కువ తక్కువ కాకూడదు. వెయ్యి మూడుకి లొంగదు, ఏడుకి లొంగదు. ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం లేకుండా తెగే సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది 2520. చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. వినేవాళ్ళలో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, మిగతా సగం టీ కోసం చూస్తున్నారు. ఎదురు చెబితే మళ్ళీ మొదట్నుంచి వినాల్సి వస్తుందని అందరూ సరే అనేశారు.

అచ్చుపోసిన మట్టి ప్రమిదలు వచ్చాయి. కావేరి స్వయంగా లెక్కపెట్టి దించుకుంది. మొదటి సాయంత్రం చీకటి పడే వేళకి లైట్లన్నీ ఆర్పేసి బాట చుట్టూ దీపాలు వెలిగిస్తే, నిజం చెప్పొద్దూ, సత్తిబాబు కళ్ళు కూడా చెమర్చాయి. నువ్వుల నూనె వాసన, మంచుకి తడిసిన గడ్డి వాసన, పైన విమానం వదిలిపోయిన కిరసనాయిలు లాంటి వాసన, అన్నీ కలిసి అదోలాంటి హాయి. కావేరికి ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఆఖరిసారి అదే.

రెండో రోజు సాయంత్రం పచ్చికలో రెండు వరసలు పేర్చారు. పన్నెండు వందల అరవై, పన్నెండు వందల అరవై. వెలిగించడం కూడా అయిపోయింది. అప్పుడు చూస్తే వరస చివర ఒకటి, దేనికీ చెందకుండా, పక్కకి నిలబడి ఉంది.

"ఎవరు పెట్టారిది?" అంది కావేరి.

"నేనే పెట్టానే. నిన్న కూడా పెట్టాను, నువ్వు చూడలేదు," అంది చాముండేశ్వరి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

చాముండేశ్వరి కావేరికి అత్తగారు. అత్తగారంటే మామూలు అత్తగారు కాదు. తల్లి లేని పిల్లగా కాకినాడ నుంచి కోడలిగా వస్తే, బియ్యెస్సీతో ఆగిపోయిన చదువుని పట్టుబట్టి ఎమ్మెస్సీ దాకా లాక్కొచ్చింది ఈమె. పరీక్షల రోజుల్లో కావేరి చదువుకుంటుంటే నోట్లో ముద్దలు పెట్టింది. కొడుకు లలిత్ ఉద్యోగం పేరుతో నెలలో మూడు వారాలు పుణేలో ఉంటే, ఇంట్లో ఉండేది ఈ అత్తాకోడళ్ళే. పోట్లాడుకున్నా వాళ్ళే, కలిసి కాఫీ తాగినా వాళ్ళే.

"అత్తయ్యా! నేను లెక్కపెట్టి తెప్పించాను కదా. ఒకటి ఎందుకు కలిపారు?"

"సున్నా మీద ఆపుతారటే ఎవరైనా? చదివింపులు నూటపదహార్లు ఇస్తాం గానీ ఉత్త వంద ఇస్తామా? శుభమా అని దీపాలు పెట్టుకుంటూ చివర సున్నా ఏవిటి, దరిద్రం!"

"ఇది చదివింపు కాదు, భాగహారం."

"నీ భాగహారమో పూలహారమో నాకు తెలీదు. కార్తీకంలో వెలిగించిన దీపాన్ని మాత్రం తియ్యనివ్వను."

కావేరి పళ్ళు నూరుకుంది. సత్తిబాబు మధ్యలో దూరి, "ఒక్కటే కదండీ కావేరి గారూ, ఆ గోడవార రాతిబెంచీ దగ్గర పెట్టేద్దాం, ఎవరికీ కనపడదు," అని రాజీ చేశాడు. ఆరకుండా జాగ్రత్తగా ఎత్తి తీసుకెళ్ళి పెట్టారు. పచ్చికలో రెండు వేల ఐదు వందల ఇరవై దీపాలు ఒకవైపు, చీకట్లో గోడ పక్కన ఒక్కటి ఒకవైపు.

ఇంటికెళ్ళాక కావేరి ఒళ్ళు మండి ఆ 2521 సంగతేమిటో చూద్దామని కూర్చుంది. రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది. మూడుతో ఒకటి. నాలుగుతో ఒకటి. పది దాకా దేనితో పోయినా సరిగ్గా ఒకటే. పది దాటి యాభై లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ ప్రయత్నించింది, దేనికీ తెగలేదు. ఇంతకు ముందు ప్రతివాళ్ళతో కలిసిపోయిన సంఖ్య, ఒక్కటి చేరేసరికి ఎవరితోనూ పొత్తు కుదరనిదైపోయింది. అదీ ఒక ప్రధాన సంఖ్యే. బంగారం లాంటి లెక్కని బూడిదలో పోసింది మహాతల్లి అని తిట్టుకుని పడుకుంది.

మూడో రోజు బడినుంచి రాగానే క్లబ్ హౌస్ గదిలోకి వెళ్ళి, కడిగి పెట్టిన ప్రమిదల్లోంచి ఒకటి తీసి ఇంటికి తెచ్చి వంటింటి అలమరలో దాచేసింది. పీడా పోయింది అనుకుంది. సాయంత్రం మూడు వరసలు, వరసకి ఎనిమిది వందల నలభై. పేర్చడం పూర్తయింది.

ఒకటి మిగిలింది.

ఇంటికి పరుగెత్తింది. అలమరలో పెట్టింది పెట్టినట్టే ఉంది. సరే, మొదట్లోనే ఒకటి ఎక్కువ వచ్చి ఉంటుంది, దించుకున్నప్పుడు పొరపాటు పడ్డానేమో అని సరిపెట్టుకుంది. లెక్కల టీచరు అలా సరిపెట్టుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలియాలి.

నాలుగో రోజు ఊరికే వదల్లేదు. తోటపని చేసే అనంతమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పదేసి చొప్పున దొంతర్లు పేర్చింది. అనంతమ్మది పక్కనే మంఖాల్. కాలనీ కట్టకముందు ఇవన్నీ మెట్ట చెలకలుగా ఉన్నప్పటినుంచీ ఈ నేల మీదే పని చేసిన మనిషి. రెండు వందల యాభై రెండు దొంతర్లయ్యాయి. ఒకటి చేతిలో మిగిలింది. కావేరి దాన్ని సిమెంటు గచ్చు మీద వేసి కొట్టింది. ముక్కలు ముక్కలైంది.

"అయ్యో, గట్ల పలగ్గొడ్తరా అమ్మా!" అంది అనంతమ్మ.

"పీడ వదిలింది. ఊడ్చెయ్ అనంతమ్మా."

ఆ సాయంత్రం నాలుగు వరసలు. ఆరు వందల ముప్ఫై, ఆరు వందల ముప్ఫై, ఆరు వందల ముప్ఫై, ఆరు వందల ముప్ఫై.

ఒకటి మిగిలింది.

కావేరి పేర్చినవాళ్ళ మీద విరుచుకుపడింది. లెక్కపెట్టడం రాదా అంది, ఎవరు తెచ్చి కలుపుతున్నారో చెప్పమంది. "ఒక్క దీపానికి ఇంత గొడవేంటండి బాబూ," అని సత్తిబాబు విసుక్కున్నాడు. ఎవరూ ఆమె బాధని బాధగా తీసుకోలేదు. కోపంతో కావేరికి కళ్ళ నీళ్ళొచ్చాయి. మర్నాడు తొమ్మిది ప్రమిదలు కొని తెచ్చి కలిపి చూసింది. అయిదు వరసలు పోగా నాలుగు మిగలాలి, లేదంటే అసలేమీ మిగలకూడదు కదా. కాదు. ఒక్కటే. కలిపినా అంతే, తీసినా అంతే.

మిగిలినదాన్ని రోజూ ఆ రాతిబెంచీ దగ్గరే పెట్టేవాళ్ళు. వత్తి తూర్పుకి ఉండేలా చాముండేశ్వరే సర్దేది. కాసేపటికి చూస్తే అది దక్షిణానికి తిరిగి ఉండేది. దక్షిణపు దీపం ఎవరికి పెడతారో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

"ఈ ఒంటి దీపం మంచిది గాదమ్మా," అంది అనంతమ్మ, ఒక పొద్దున చీపురు పక్కన పెట్టి. "మందిల పెట్టిన దీపం అందరిది. గట్ల ఒక్కదాన్ని పక్కకు ఇడిసిపెడితే, ఎవలో ఒకలు తమదనుకుంటరు. ఎవలూ లేనోళ్ళు."

"ఎవరు?"

"నాకేం తెల్సు. నేనైతే పొద్దుగూకినంక గా బెంచీ దిక్కు పోత లేను."

ఇలాంటి మాటలు కావేరి నమ్మదు. నమ్మకపోయినా వెనక్కి తిరిగి ఆ బెంచీ వైపు చూసింది. పొద్దున పూట, ఎండలో, అది మామూలు రాతిబెంచీలాగే ఉంది.

చాముండేశ్వరి మాత్రం సాయంత్రమయ్యేసరికి శాలువా కప్పుకుని అక్కడికే చేరేది. "దీపాన్ని ఒంటరిగా వదలకూడదే. పాపం కాదూ," అనేది. వెలిగించిన దగ్గర్నుంచి ఆరేదాకా దాని పక్కనే. ఆరో రోజు కావేరి బతిమాలి తీసుకొద్దామని వెళ్ళింది. అత్తగారు బెంచీకి ఒక చివర సర్దుకుని కూర్చుని ఉంది. పక్కనంతా ఖాళీ. కావేరి ఆ ఖాళీలో కూర్చోబోయింది.

"అక్కడ కాదే!" అని ఉలిక్కిపడి చెయ్యి పట్టి లాగింది చాముండేశ్వరి.

లాగే లోపల కావేరి అరచెయ్యి రాతికి తగిలింది. అంతా మంచుకి చల్లగా ఉంది. అక్కడ మాత్రం వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు... లేదా ఇంకా లేవనట్టు.

ఆ రాత్రి అన్నం పెడితే చాముండేశ్వరి కంచం పక్కకి నెట్టి, "జొన్నరొట్టె చెయ్యవే," అంది. గోదావరి ఒడ్డున పుట్టి, డెబ్భై ఏళ్ళుగా వరన్నం తప్ప ఎరగని మనిషి. కావేరికి జొన్నపిండి తడపడం కూడా రాదు. ఏదో తంటాలు పడి కాల్చింది. విరిగిపోయిన ఆ ముక్కల్ని అత్తగారు కారంతో నంజుకుని ఎంతో ఇష్టంగా తింది.

ఏడో రోజంతా అత్తగారు కావేరిని పేరు పెట్టి పిలవలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏంది బిడ్డా, గట్ల పరేషాన్ అయితున్నవ్?" అంది.

కావేరి చేతిలో గిన్నె జారిపోయింది. గొంతు అత్తయ్యదే. మాటే ఆవిడది కాదు. "అత్తయ్యా, ఏమన్నారు?" అంటే, చాముండేశ్వరి రెప్పలు టపటపలాడించి, "ఏమన్నానే? కాఫీ అడిగాను," అంది.

దవాఖానకి తీసుకెళ్ళింది. బీపీ బాగానే ఉంది, షుగరూ బాగానే ఉంది, పెద్దవయసు కదా విశ్రాంతి కావాలన్నారు. లలిత్‌కి ఫోన్ చేస్తే, "నువ్వు ఆ దీపాల గొడవ మానెయ్, నీకే విశ్రాంతి కావాలి," అన్నాడు. సత్తిబాబుతో కార్యక్రమం ఆపేయమని మొత్తుకుంది. పదో రోజు పెద్దవాళ్ళు వస్తున్నారండి, ఎలా ఆపుతామండి అన్నాడాయన. తలుపు గడియ పెట్టి అత్తగారిని ఆపబోతే, ఆవిడ చంటిపిల్లలా ఏడ్చింది. ఎటు తిరిగినా గోడే. తను తెచ్చిపెట్టిన లెక్కే తన అత్తయ్యని మింగుతోంది, చేతిలో చాక్‌పీసు తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి కావేరి స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని, కసితీరా ఏడ్చింది.

పదో రోజు పది వరసలు, వరసకి రెండు వందల యాభై రెండు. గోడవార ఒకటి. పెద్దవాళ్ళు వచ్చారు, ఫొటోలు దిగారు, ప్రసాదం తిని వెళ్ళారు. కావేరి బెంచీ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆ ఒంటి దీపం ఆరేదాకా అత్తగారి మీంచి కళ్ళు తిప్పకుండా కాపలా కాసింది. దీపం కొండెక్కింది. చాముండేశ్వరి ఆవులించి, "పద అమ్మాయ్, నిద్రొస్తోంది," అంది. ఇంటికొచ్చి పప్పన్నం కలుపుకుని తింది. అమ్మాయ్ అన్న ఆ ఒక్క పిలుపుకి కావేరికి ప్రాణం లేచొచ్చింది. అయిపోయిందనుకుంది.

మర్నాడు బడిలో ఉండగా వాట్సాప్ గ్రూపులో సత్తిబాబు మెసేజ్ వచ్చింది. 'ప్రజల కోరిక మేరకు దీపోత్సవం ఈరోజు కూడా. పదకొండు వరసలు. అందరూ రండి.'

కావేరి తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి ఉంది. బోర్డు మీద ఏదో రాస్తున్నదల్లా, చెయ్యి దానంతటదే లెక్క వేసింది. 2521. పదకొండుతో. వరసకి రెండు వందల ఇరవై తొమ్మిది. మొత్తం రెండు వేల ఐదు వందల పంతొమ్మిది. శేషం...

రెండు.

ఇన్నాళ్ళూ ఒకటే మిగిలింది. ఇవాళ రెండు మిగులుతాయి. మొదటిది ఆ వచ్చేదానిది. రెండోది ఎవరిది? అడగక్కర్లేదు. ఇన్ని సాయంత్రాలుగా ఆ బెంచీ మీద పక్కన కూర్చున్నది ఒక్కరే.

పిల్లలు చూస్తుండగానే చాక్‌పీసు పడేసి వచ్చేసింది. మధ్యాహ్నానికల్లా అత్తగారిని కారెక్కించి బాలాపూర్‌లో ఉన్న ఆడపడుచు చిన్మయి ఇంట్లో దింపింది. "అమ్మని ఇవాళ గుమ్మం దాటనివ్వకు. ఎందుకని అడక్కు," అని చెప్పింది. చాముండేశ్వరి చెప్పులు విడిచి లోపలికెళ్ళింది. కూతురి సోఫాలో కూర్చుని టీవీ పెట్టమంది. కావేరి చెయ్యి పట్టుకుని, "నువ్వు తిన్నావుటే?" అని మాత్రం అడిగింది.

ఆపేయాలని తిరిగి కాలనీకి వచ్చేసరికి, తుక్కుగూడ దగ్గర లారీలు అడ్డంపడి, పొద్దు వాలిపోయింది. గేటు బయటికే నూనె వాసన కొడుతోంది. లైట్లు ఆర్పేశారు. పచ్చికలో పదకొండు వరసలు నిండుగా వెలుగుతున్నాయి.

సత్తిబాబు ఎదురొచ్చాడు, నవ్వుతూ. "ఇవాళ రెండు మిగిలాయండి కావేరి గారూ! పోన్లెండి, ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉండేది పాపం, తోడొచ్చింది. అక్కడే పెట్టించాను."

కావేరి ఆయన్ని దాటుకుపోయింది. గోడ వైపు నడిచింది. జనం మాటలు వెనక్కి పోయాయి. గడ్డి తడికి పాదాలు జిల్లుమన్నాయి. బెంచీ మీద ఎవరూ లేరు. కింద రెండు దీపాలు పక్కపక్కనే. రెండు వత్తులూ దక్షిణానికే. గాలి లేదు... అయినా రెండు మంటలూ ఒకవైపుకే ఒరిగి ఉన్నాయి. ఎవరో దగ్గరగా వంగి చూస్తున్నట్టు...

లెక్క చాలా తేలిక. రెండు తీసేస్తే 2519. పదకొండుకి నిక్షేపంగా తెగుతుంది. శేషం సున్నా. ఇన్నాళ్ళూ ఆరిన ప్రమిదలే తీసింది, పగలగొట్టింది. వెలుగుతున్నదాన్ని ముట్టుకోనివ్వకుండా అత్తయ్య అడ్డం పడేది. ఇవాళ అడ్డం పడేవాళ్ళు లేరు.

వంగింది. ఒక్కో చేతిలో ఒక్కోటి తీసుకుంది. నోటితో ఊదింది.

ఫూ...

ఫూ.

మాడిన వత్తి వాసన ముక్కుకి కొట్టింది. అంతే. ఏమీ కాలేదు. ప్రమిదలు రెండూ కింద పెట్టి, బెంచీ మీద చెయ్యి వేసి చూసింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా చల్లగా ఉంది. పచ్చికలో వరసలు సమానంగా, ఒక్కటి కూడా మిగలకుండా వెలుగుతున్నాయి. కావేరికి నవ్వొచ్చింది. పది రోజుల తర్వాత వచ్చిన నవ్వు. నెత్తిమీదనుంచి విమానం పోయింది. దాని మోత తగ్గాక గానీ హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగుతున్న సంగతి తెలియలేదు.

చిన్మయి.

"వదినా..." గుసగుసగా ఉంది గొంతు. "అక్కడేమైనా జరిగిందా?"

"ఏం? ఏమైంది?"

"అమ్మ ఇప్పటిదాకా బాగానే టీవీ చూస్తోంది. ఉన్నట్టుండి లైట్లు వెయ్యవే అంది. అన్నీ వేసే ఉన్నాయి వదినా... ట్యూబులైటు అమ్మ నెత్తిమీదే ఉంది. కళ్ళు తెరుచుకునే ఉంది. చీకటి, చీకటి అంటోంది..."

కావేరి కింద ఆరిన ప్రమిదల వైపు చూసింది.

"చీకట్లో ఇద్దరం కూర్చున్నాం, కావేరిని దీపాలు వెలిగించమను అంటోంది. ఇద్దరం ఏంటి వదినా? నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. అమ్మ పక్కన ఎవరూ లేరు. కానీ... సోఫాలో ఒక చివరికి జరిగి కూర్చుంది. ఎవరికో చోటిచ్చినట్టు..."

కావేరి ఫోన్‌ని స్పీకర్లో పెట్టి గడ్డి మీద పడేసింది. మోకాళ్ళ మీద కూలబడింది. బెంచీ పక్కన అగ్గిపెట్టె ఉంది. మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగింది. రెండు ప్రమిదలూ ఎదురుగా ఉన్నాయి. ఒకే అచ్చులో పోసినవి. ఏది ఏదో ఎలా తెలుస్తుంది... ఏది ముందు... దగ్గరగా ఉన్నదానికి అంటించింది.

వత్తి పట్టుకుంది. మంట నిటారుగా నిలబడింది.

రెండోదానికి అంటించింది. పట్టుకోలేదు.

"వదినా!" ఫోన్లో చిన్మయి గొంతు ఒక్కసారి తేలికపడింది. "అమ్మకి కనపడుతోంది! నవ్వుతోంది వదినా. ఇదిగో, నీతో మాట్లాడతానంటోంది..."

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"అత్తయ్యా! అత్తయ్యా, ఎలా ఉన్నారు?"

"సల్లగుండు బిడ్డా." గొంతు చాముండేశ్వరిదే. తీరిగ్గా, తృప్తిగా ఉంది. "ఇప్పుడు మంచిగ కనవడుతున్నది."

కావేరి చేతిలో పుల్ల వేళ్ళదాకా కాలి ఆరిపోయింది.

"అత్తయ్య ఏరీ?" అంది. "మా అత్తయ్య... ఎక్కడ?"

"ఈడనే, నా పక్కపొంటే కూసున్నది. ఆమెకు ఇంక చీకటే ఉన్నది." తర్వాత జాలిపడుతున్నట్టు, మెల్లగా... "జర జల్ది ఎలిగించు బిడ్డా. భయపడుతున్నది."

రెండో ప్రమిదలో నూనె నిండుగా ఉంది. వత్తి నూనెలో తడిసే ఉంది. కావేరి ఇంకో పుల్ల గీసింది.